కొల్లేటి ఫొటోలో లేని తరగతి

బస్సులో ముందు సీటు నాకేనని ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చెప్పారు. ఒకసారి తన గదిలో, ఇంకోసారి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, నలుగురూ వింటుండగా. ఆ రోజు ఉదయం ఆరున్నరకు తాడేపల్లిగూడెంలో మా కాలేజీ గేటు దగ్గరికి నేను వెళ్ళేసరికి ముందు సీటులో జంతుశాస్త్రం మేడమ్ కూర్చుని ఉన్నారు. ఆవిడ పక్కన ఒక ప్లాస్టిక్ బకెట్, అందులో గాజు సీసాలు, ఒక చిన్న చేతివల. నన్ను చూసి ఆవిడ లేవబోయారు. "కూర్చోండి మాస్టారూ, నేను వెనక్కి వెళతానండీ" అన్నారు. బకెట్ మాత్రం కదల్లేదు. నేను వెనక చక్రం మీద ఉన్న సీటులో కూర్చున్నాను. రోజంతా అక్కడే కూర్చున్నాను.

ఇది చిన్న విషయమే. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నాకు జరిగినవన్నీ చిన్న విషయాలే. వార్షికోత్సవానికి స్వాగత వచనం నాచేత రాయించుకుని ఇంగ్లీషు లెక్చరర్ చేత చదివించారు. ఆయన రెండు చోట్ల తప్పు చదివితే, మర్నాడు ఆ తప్పులు నావేనన్నారు. స్టాఫ్ రూమ్‌లో నా కుర్చీ పైనున్న ఫ్యాను మూడు వేసవులు తిరగలేదు. నాలుగో వేసవికి బాగుచేసి, నా కుర్చీని కిటికీ దగ్గరికి జరిపారు. కామర్స్ ఆయన ఒకరోజు టీ తాగుతూ "తెలుగు మాస్టారికేం లోటండీ, కాలేజీ మూసేసినా పెళ్ళి శుభలేఖలు రాసుకుని బతికేస్తారు" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో ఇప్పుడడిగినా చెప్పగలను.

సీటు సంగతి పక్కన పెట్టి, ఆ బస్సులో నా వెనక వరసల్లో కూర్చున్న పదకొండు మంది సంగతి చెప్పాలి. వాళ్ళు స్పెషల్ తెలుగు మొదటి సంవత్సరం పిల్లలు. మా కాలేజీలో ఆ గ్రూపులో చేరేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. దాన్ని ఎత్తేయాలని యాజమాన్యం అనుకుంటోందని అందరికీ తెలుసు. కొత్త సంవత్సరంలో ఒక కమిటీ కాలేజీని చూడడానికి వస్తుందన్నారు. దానికి నెల ముందు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు.

"నేను మీకు వ్యతిరేకం కాదండీ మాస్టారూ" అన్నారాయన. "కమిటీ వాళ్ళు ప్రతి విభాగానికీ ఒక ఫీల్డ్ ట్రిప్ అడుగుతారు. మీ ఫైల్లో అది లేదు. ఒకటి చేసి పెట్టండి. గ్రూపు ఇంకో రెండు మూడేళ్ళు నిలబడుతుంది. లేదంటే ఈ పిల్లల్ని వచ్చే ఏడాది కామర్స్‌లో కలిపేస్తారు."

"కామర్స్‌లో వీళ్ళేం చేస్తారండీ?"

"అదే నేనూ అంటున్నానండీ."

జంతుశాస్త్రం వాళ్ళు కొల్లేరుకు వెళ్తున్నారు కాబట్టి అదే బస్సులో మేమూ వెళ్ళాలన్నారు. సరేనన్నాను. ద్వారకా తిరుమల కొండ, గుంటుపల్లి గుహలు, ఏలూరులో తివాచీ నేసేవాళ్ళ ఇల్లు, చివరికి కొల్లేరు. ఈ క్రమం నేను రాసిచ్చిందే. ఒక్కో చోట ఏం చెప్పాలో కూడా నాలుగైదు కాగితాలు రాసుకున్నాను.

ఫైల్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఈ రోజుల్లో కాలేజీ పిల్లలు ఎక్కడికి వెళ్ళినా వెంట ఒక ఫ్లెక్సీ వెళ్తుంది. దాని మీద కాలేజీ పేరు, విభాగం పేరు, తేదీ ఉంటాయి. దాని వెనక అందరినీ నిలబెట్టి, ఊరూ సమయమూ కింద పడే యాప్‌తో ఫొటో తీయాలి. ఆ ఫొటో ఉంటే వెళ్ళినట్టు, లేకపోతే వెళ్ళనట్టు. మా కాలేజీలో కవుల జయంతులు కూడా ఇలాగే జరుగుతాయి. ఫ్లెక్సీ కట్టి, ఫొటో తీసి, విప్పి మడిచి, ఎవరి క్లాసుకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని నేను ఎప్పుడూ అనలేదు.

ఆ పదకొండు మందిలో పదిమంది వేరే గ్రూపుల్లో సీటు రాక నా దగ్గరికి వచ్చినవాళ్ళు. ఒక్క అమ్మాయి మాత్రం కోరి చేరింది. ఆకివీడు అవతల కొల్లేటి లంకలో వాళ్ళ ఊరు. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. చేరిన వారంలోనే మీ ఊరి గురించి ఒక పేజీ రాయండమ్మా అంటే, నీళ్ళలో పెరిగే కిక్కిస గడ్డిని కోసి ఎండబెట్టి ఇంటి కప్పు వేయడం గురించి మూడు పేజీలు రాసింది. అక్షరాలు గుండ్రంగా, మధ్యలో ఒక్క కొట్టివేత లేకుండా. ఆ మూడు పేజీలు స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించబోతే గణితం ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి ఎమ్మే తెలుగు చేసి పంతులమ్మ కావాలనుకుంది. "తెలుగైతేనే చదువుతానని ఇంట్లో చెప్పానండీ మాస్టారూ. ఇంకోటైతే మానేస్తానన్నాను" అని నాతో చెప్పింది. గ్రూపు ఉంటే ఆ పిల్ల చదువు ఉంటుంది, గ్రూపు పోతే చదువు పోతుంది. ఆ రోజు ఆ బస్సు ఎక్కేటప్పుడు ఇది నాకు ఎంత తెలుసో ఆ పిల్లకూ అంతే తెలుసు.

ద్వారకా తిరుమలలో కొండ కింద బస్సు ఆగింది. గుండ్లు కొట్టించుకుని గంధం రాసుకున్నవాళ్ళు, గాజుల కొట్లు, బొమ్మల కొట్లు. మేడమ్ విద్యార్థులిద్దరు ఫ్లెక్సీ దించి విప్పారు. ఒక మూల తాబేలు బొమ్మ, ఇంకో మూల సంచి ముక్కు గూడబాతు బొమ్మ. మధ్యలో పెద్ద అక్షరాలతో జంతుశాస్త్ర విభాగం, క్షేత్ర పర్యటన అని ఉంది. మా విభాగం పేరు ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

"ఏమండీ మేడమ్, మా పేరేదీ?" అన్నాను.

ఆవిడ చూసి నాలుక కరుచుకున్నారు. "పోయినేడు డిజైనేనండీ ఇది. షాపతన్ని తేదీ మార్చమన్నాను, అదొక్కటే మార్చాడు."

"మా విభాగం పేరు కలపమని ప్రిన్సిపాల్ గారు మీకు చెప్పలేదా అండీ?"

"చెప్పారండీ. నిన్న ప్రాక్టికల్స్ హడావిడిలో మర్చిపోయానండీ. ఏమనుకోకండి."

"అనుకోకుండా ఎలా ఉంటానండీ?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆవిడ విద్యార్థుల్లో పొడుగ్గా ఉండే ఒకతను "మనుషులు కూడా జంతువులేనండీ మాస్టారూ. వచ్చి నిలబడండి, సిలబస్‌లో ఉన్నారు" అన్నాడు. ఆవిడ అతన్ని కసిరారు కానీ, కసరడానికి ముందు నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

నా పిల్లలను పక్కకు రమ్మన్నాను. ఇంకొకరి పేరు వెనక వాళ్ళు నిలబడరని మేడమ్‌తో చెప్పాను. వాళ్ళు వచ్చి కొబ్బరికాయల కొట్టు నీడలో నిలబడ్డారు. ఆ ఫొటో అయింది. దర్శనానికి వెళ్ళివచ్చేసరికి గంటన్నర పట్టింది. మెట్ల మీద కూర్చోబెట్టి దేవుడి మీద పాటలు ఎలా పుట్టాయో చెప్పాలని రాసుకున్న కాగితాలు జేబులోంచి తీశాను. "మాస్టారూ, లేటయిపోతోందండీ" అని డ్రైవరు హారన్ కొట్టాడు. వాటిని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

గుంటుపల్లి గుహల దగ్గర మాత్రం ఎవరినీ లెక్క చేయలేదు. రాతిని తొలిచిన ఆ గుండ్రటి గుడి ముందు నిలబడి ముప్పావు గంట మాట్లాడాను. ఎండ పెరిగింది. మేడమ్ పిల్లలు బండల మధ్య తొండల వెంట తిరిగారు. నా పదకొండు మందిలో నలుగురైదుగురు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ అమ్మాయి ఒక బండ మీద కూర్చుని రాసుకుంది. నేను అన్న ప్రతి మాటా రాసుకుంది, నేను దగ్గినప్పుడు ఆగి తలెత్తి చూసింది.

దిగి వస్తుంటే మేడమ్ నా పక్కన నడిచారు. "మీ పిల్లలను విడిగా నా ఫోన్లో తీస్తానండీ మాస్టారూ, ఫ్లెక్సీ లేకుండా. లొకేషన్ పడుతుంది" అన్నారు.

"విభాగం పేరు లేని ఫొటో ఎందుకండీ? మా ఇంట్లో గోడకు తగిలించుకోడానికా?"

"అలాక్కాదండీ. తర్వాత ఏదో ఒకటి చేయొచ్చు కదా అని."

"తర్వాత చేసేది ఇప్పుడే మర్చిపోకుండా చేయాల్సిందండీ."

ఈ మాట నేను బాగానే అన్నానని బస్సు ఎక్కేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఏలూరులో అన్నాలు తినేసరికి రెండు దాటింది. చీకటి పడకముందే పక్షులను చూడాలి కాబట్టి తివాచీల వాళ్ళ ఇంటికి వెళ్ళడానికి సమయం లేదని మేడమ్, డ్రైవరు కలిసి తేల్చారు. నన్ను అడిగారు, నిజమే, తేల్చాక అడిగారు. ఆ ఇంటి పెద్దాయనకు నేను రెండుసార్లు ఫోన్ చేసి ఉన్నాను. బస్సు ఆ వీధి మొదలు దాటుతుండగా ఆయనే చేశాడు.

"ఏవండీ, వచ్చేశారా? మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంచానండి. పిల్లలకు ముడి ఎలా వేస్తామో చూపిద్దామని."

"రాలేకపోతున్నామండీ. టైము చాలడం లేదు."

"అలాగా అండీ. పర్లేదండీ. మాకలవాటే" అన్నాడు.

నాకు జరిగినదాన్ని నేను ఇంకొకరికి చేశాను. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆయనకు మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు పట్టాక రెండు వైపులా నీళ్ళే. అవి కొల్లేరు నీళ్ళు కావు, కొల్లేట్లోనే గట్లు పోసి తవ్విన చేపల చెరువులు. గట్టు, చెరువు, మళ్ళీ గట్టు, మళ్ళీ చెరువు. నీటిలో గాలి చిమ్మే చక్రాలు తిరుగుతున్నాయి. ఐసు నీళ్ళు కారుస్తూ చేపల లారీలు ఎదురొచ్చాయి. కిటికీలోంచి తవుడు వాసన, దానితో కలిసి ఇంకేదో కుళ్ళిన వాసన. "కొల్లేరు ఎప్పుడొస్తుందండీ మాస్టారూ?" అని ఒకడు అడిగాడు. వచ్చి అరగంటైందని చెప్పాను.

పక్షుల కేంద్రం దగ్గర ఆ అమ్మాయి తండ్రి మా కోసం కాచుకుని ఉన్నాడు. సన్నగా, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు సరస్సులో దోనె మీద తిరిగి చేపలు పట్టినవాడు, ఇప్పుడు ఎవరిదో చేపల చెరువుకు కాపలా. ఆయనతో మాట్లాడించడానికే మా పిల్లలను తీసుకొచ్చాను. నీళ్ళ మీద బతికినవాళ్ళ నోటి మాటలు సేకరించి నోటుపుస్తకంలో రాయడం, అదే నేను పెట్టిన పని.

"కొల్లేరు చూడ్డానికొచ్చారా అండీ మాస్టారూ?" అన్నాడు. "ఇంకొంచెం ముందొస్తే ఉండేదండి."

పిల్లలు నవ్వారు. అక్కడ నీళ్ళ మధ్యలో ఇనప స్టాండ్లు పాతి ఉన్నాయి. చెట్లు చాలక గూడబాతులు వాటి మీదే పుల్లలు పేర్చుకుని గూళ్ళు పెట్టుకున్నాయి. మేడమ్ ఆ పక్షుల గురించి తన పిల్లలకు చెబుతున్నారు. ఆయన అటు చూసి మళ్ళీ అన్నాడు.

"అదే పక్షండీ. ఇక్కడ వాలితే చూసినందుకు టిక్కెట్టండి. మా చెరువు మీద వాలితే టపాకాయండి. నా ఉద్యోగం ఏంటనుకున్నారు, రోజంతా టపాకాయలు కాల్చడమే. దీపావళి మా ఇంట్లో ఎవడూ చెయ్యడండి, విసుగొచ్చేసింది."

"నాన్నా, అది కాదు. మావు గురించి చెప్పు" అంది అమ్మాయి.

"ఏం చెప్పమంటావే? అది చూపించాలి గానీ చెప్పేదా?" అని గట్టు మీద కూర్చుని, నేల మీద వేలితో గీసి చూపించాడు. వెదురు బద్దలతో అల్లే చేపల బుట్ట అది. చేప లోపలికి వెళ్ళగలదు కానీ వెనక్కి రాలేదు. దాని మూతికి ఒక పేరు, నడుముకు ఒక పేరు, అడుగుకు ఒక పేరు. తాటి మానుతో దోనె ఎలా తొలుస్తారో, దాన్ని గెడతో ఎలా నెడతారో, గెడ బురదలో ఇరుక్కుంటే ఏమని తిట్టుకుంటారో అన్నీ చెప్పాడు. తిట్లు చెప్పేటప్పుడు ఆడపిల్లలున్నారని గొంతు తగ్గించాడు. ఆడపిల్లలే దగ్గరికి జరిగి రాసుకున్నారు. ఫోన్లు చూసుకునే నలుగురైదుగురు కూడా ఫోన్లు జేబులో పెట్టారు. "దీన్ని ఏమంటారండీ? దాన్ని ఏమంటారండీ?" అని ఒకరి మీద ఒకరు పడి అడిగారు. నా ఉద్యోగంలో నాకు కావాల్సింది ఇదేనని, ఇన్నేళ్ళలో ఇది ఒక్కసారే, ఈ గట్టు మీదే దొరికిందని నాకు అప్పుడే అనిపించింది.

పొద్దు వాలుతోంది. మేడమ్ చివరి ఫొటోకు పిలిచారు. ఫ్లెక్సీ విప్పి వాళ్ళ పిల్లలు నిలబడ్డారు. నేను తిరిగి చూసేసరికి నా పదకొండు మందీ వాళ్ళ పక్కనే వరస కడుతున్నారు. ఆ అమ్మాయి చేతిలో ఒక అట్ట ముక్క ఉంది. బిస్కెట్ల పెట్టె చింపినది. దాని మీద నల్ల మార్కరుతో 'తెలుగు విభాగం, కొల్లేరు పర్యటన' అని రాసి ఉంది. మార్కరు మేడమ్ ఇచ్చారని తర్వాత తెలిసింది.

"బాగా పడ్డాయా అండీ మాస్టారూ అక్షరాలు?" అంది.

అక్షరాలు బాగానే పడ్డాయి. గుండ్రంగా, సమంగా ఉన్నాయి. ఒక వైపు కంప్యూటర్ మీద వేసిన అంత పెద్ద ఫ్లెక్సీ, దాని పక్కన బిస్కెట్ల అట్ట. ఆ అట్ట మీద మేము. అది చూడగానే నాకు ఉదయం నుంచి జరిగినవన్నీ, దానికి ముందు ఇరవై ఆరేళ్ళలో జరిగినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వెళ్ళి ఆ పిల్ల చేతిలోంచి అట్ట తీసుకుని రెండుగా మడిచాను.

"ఒకళ్ళ పక్కన అట్ట ముక్క పట్టుకుని నిలబడే గతి మనకు పట్టలేదమ్మా. రండి, పక్కకు రండి."

"మాస్టారూ, ఒక్క ఫొటోయే కదండీ. ఫైల్‌కి కావాలన్నారు కదా మీరే."

"ఫైల్‌కి మీరు రాసిన పుస్తకాలున్నాయి. అవి చాలు."

ఆ పిల్ల తండ్రి ముందుకొచ్చాడు. "నిలబడనివ్వండి మాస్టారూ. పిల్లలు సరదాపడతన్నారు."

"సరదా కాదండీ. ఇది మర్యాదకు సంబంధించింది. మీకు తెలియదు."

ఆయన తువ్వాలు సర్దుకుని వెనక్కి తగ్గాడు. ముందుగా ఆ అమ్మాయే వరసలోంచి బయటికొచ్చింది. తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మేడమ్ ఫోన్ పట్టుకుని నా వైపు ఒకసారి చూసి, ఫొటో తీసేశారు. ఆ ఫొటో నేను తర్వాత చూశాను. ఇనప స్టాండ్లు, పక్షులు, ఫ్లెక్సీ, ఇరవై మంది జంతుశాస్త్రం పిల్లలు. మావాళ్ళ నీడ కూడా అందులో పడలేదు.

ఆకివీడు మీదుగా వెనక్కి వచ్చాం. ఆ అమ్మాయి ఆకివీడులో దిగింది. వెళ్ళొస్తానండీ అని చెప్పింది, ఎప్పటిలాగే.

పదిహేను రోజులు కూర్చుని రిపోర్టు రాశాను. పిల్లలు సేకరించిన ప్రతి మాటకూ అర్థం, ఎవరు ఏ సందర్భంలో వాడతారు, అన్నీ. అరవై పైచిలుకు పేజీలు, చేతి రాత. దాన్ని కుట్టించి, అట్ట వేయించి కమిటీ ముందు పెట్టాను. ముగ్గురు వచ్చారు. మా గదిలో పది నిమిషాలు కూడా కూర్చోలేదు. వాళ్ళలో పెద్దాయన మొదటి పేజీ తిప్పారు, చివరి పేజీ తిప్పారు.

"ఫొటోలు ఏవండీ?"

"రిపోర్టు చదవండి సార్. పిల్లలు చేసిన పనంతా అందులో ఉంది."

"చదువుతామండీ. ఫొటో ఏదీ?"

ప్రిన్సిపాల్ గారు తన ఫోన్లో జంతుశాస్త్రం వాళ్ళ ఫొటో చూపించారు. "రెండు విభాగాలూ కలిసి వెళ్ళాయండీ" అన్నారు. ఆ మాట ఆయన నా కోసమే అన్నారు. అది నేను ఒప్పుకుంటాను.

పెద్దాయన కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు. "ఇందులో మీ పిల్లలెవరండీ?"

"లేరండీ."

"అదేంటి?"

నేను చెప్పాను. ముందు సీటులో బకెట్ దగ్గర్నుంచి అట్ట ముక్క దాకా అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అయ్యాక నెమ్మదిగానే అన్నారు. "అట్ట మీద రాసి పట్టుకున్నా తీసుకుంటామండీ. చాలా కాలేజీలు అలాగే తెస్తాయి." తర్వాత నా రిపోర్టును జాగ్రత్తగా బల్ల చివరికి జరిపి, కాగితం మీద ఏదో రాసుకున్నారు.

వేసవి సెలవుల్లో ఆ గ్రూపును ఎత్తేశారు. పదిమంది కామర్స్‌లో కలిశారు. ఆ అమ్మాయి కలవలేదు. తండ్రి వచ్చి టీసీ తీసుకుని వెళ్ళాడని ఆఫీసు గుమస్తా చెప్పాడు. నేను ఆ రోజు కాలేజీలోనే ఉన్నాను. ఆయన నా గదికి రాలేదు.

ఎవరి తప్పు అని అడిగితే నేను ఇప్పటికీ అదే చెబుతాను. పేరు కలపమని చెప్పినా కలపకపోవడం తప్పు. అది మర్చిపోయినవాళ్ళకు ఏమీ కాలేదు. జంతుశాస్త్రానికి మంచి మార్కులు వచ్చాయి. మేడమ్ నా దగ్గరికి వచ్చి "నా వల్లేనండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అవునండీ అన్నాను. మూడు నెలలు యాజమాన్యానికి, యూనివర్సిటీకి ఉత్తరాలు రాశాను. చివరికి ఒక జవాబు వచ్చింది. సదరు పర్యటనలో తెలుగు విభాగం పాల్గొన్నట్టు ఆధారం లేదని అందులో ఉంది. అయితే ఆధారం నేనే తయారు చేస్తాననుకున్నాను. మేము వెళ్ళామని, ఫలానా రోజున ఫలానా చోట్లు చూశామని ఒక అర్జీ రాసి, కింద పదకొండు పేర్లూ వరసగా వేసి, ఒక్కో పేరు ఎదురుగా సంతకానికి చోటు వదిలాను. నలుగురు పెట్టారు. ఆరుగురు ఇదిగో అదిగో అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

పదకొండో సంతకం కోసం ఆకివీడు వెళ్ళాను. ఆ అమ్మాయి రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీలో చేరిందని, మధ్యాహ్నం షిఫ్టు బస్సు ఒంటిగంటకు సెంటర్లో ఎక్కుతుందని కనుక్కున్నాను. పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉంది. నన్ను చూసి చున్నీ సర్దుకుని ముందుకొచ్చింది. చేతివేళ్ళు ఐసులో నాని తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళ పక్కన చీరుకుపోయి ఉన్నాయి.

"బాగున్నారా అండీ మాస్టారూ? మేడమ్ గారు బాగున్నారా అండీ?"

మా ఆవిడ గురించి అడుగుతోందనుకున్నాను. కాదు, జంతుశాస్త్రం మేడమ్ గురించి. ఆవిడ రెండుసార్లు వాళ్ళ ఇంటికి వచ్చి వెళ్ళారట. ప్రైవేటుగా కట్టి చదువుకోమని ఫారం కూడా తెచ్చారట. నాకు ఎవరూ చెప్పలేదు.

అర్జీ ఇచ్చాను. రోడ్డు మీదే నిలబడి మొత్తం చదివింది. కొసదాకా చదివి, మడత పెట్టకుండా నాకు తిరిగి ఇచ్చింది.

"నేను పెట్టనండీ మాస్టారూ."

"ఎందుకమ్మా? మనం వెళ్ళాం కదా. అబద్ధం రాశానా?"

"అబద్ధం కాదండీ. ఇందులో మమ్మల్ని కాలేజీ వాళ్ళు పక్కన పెట్టారని రాశారండీ. ఆ రోజు పక్కకి జరగమంది కాలేజీ వాళ్ళు కాదు కదండీ."

ఆ పిల్ల కోపంగా అనలేదు. క్లాసులో సందేహం అడిగినట్టే అంది. వెనక ఉన్న ఆడవాళ్ళలో ఒకామె "ఎవరే, మీ మాస్టారా?" అంటే, "అవునక్కా, బాగా చెప్తారు" అని జవాబు చెప్పింది.

నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "గ్రూపు మళ్ళీ తెరిపిస్తానమ్మా. తెరిస్తే వస్తావు కదా?"

"రానండీ. ఇక్కడ అలవాటైపోయిందండీ." బస్సు వస్తోంది. అటు చూస్తూ అంది. "మా చెల్లికి ఈ ఏడాది ఇంటర్ అయిపోతోందండీ. తెలుగు తీసుకుంటానంటోంది. వద్దని నాన్నతో చెప్పానండీ. వస్తానండీ మాస్టారూ."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. తలకు వల టోపీ పెట్టుకుంది. అందరూ పెట్టుకున్నాక ఏ కిటికీలో ఉందో నేను గుర్తుపట్టలేకపోయాను.

నన్ను అన్న ప్రతి మాట మీదా ఇన్నేళ్ళుగా ఎవరికో ఒకరికి కాగితం రాశాను. ఆ మధ్యాహ్నం విన్నదాని మీద ఎవరికి రాయాలో తెలియక ఆకివీడు బస్టాండులో సాయంత్రం దాకా కూర్చున్నాను. మర్నాడు అర్జీ పోస్టు చేశాను. నాలుగు సంతకాలు, నాది ఒకటి. ఆ పిల్ల పేరు కొట్టేయడానికి చేయి రాలేదు, ఎదురుగా చోటు ఖాళీగానే పంపాను. వాళ్ళు ఒప్పుకుని గ్రూపు తెరిచినా ఆ గదిలో వచ్చి కూర్చునేవాళ్ళు ఎవరూ లేరని పంపేటప్పుడే నాకు తెలుసు.